తాగినాయనది అనుభవం, భరించినామెది జబ్బట!

వ్యసన విముక్తి కేంద్రం నడిపే ఏ స్వచ్ఛంద సంస్థదైనా సరే, ఒక వార్షిక నివేదిక తీసుకుని మొదటి రెండు పేజీలూ చివరి రెండు పేజీలూ చూడండి. మొదట కార్యవర్గం ఉంటుంది. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, గౌరవ సలహాదారులు. వాళ్లలో రిటైరైన పోలీసు అధికారి ఒకరు, డాక్టర్లు ఇద్దరు, చార్టర్డ్ అకౌంటెంటు ఒకరు, ఊళ్లో పేరున్న వ్యాపారి ఒకరు, వీళ్లందరి నడుమ ఒకప్పుడు తాగి, మానేసి, ఇప్పుడు పదిమందికీ చెప్పే స్థాయికి వచ్చిన వ్యవస్థాపకుడు. చివరి పేజీల్లో ఫోటోలుంటాయి. 'కుటుంబ సభ్యుల అవగాహన సదస్సు' అని బ్యానరు, బ్యానరు కింద కుర్చీల్లో పై పెద్దమనుషులు, ఎదురుగా జంపఖానా మీద చెంగులు సర్దుకుని కూర్చున్న పాతిక ముప్పైమంది ఆడవాళ్లు. ఎవరి పేరూ ఉండదు. 'సదస్సులో పాల్గొన్న మహిళలు' అని మాత్రం రాస్తారు.

కుర్చీకీ జంపఖానాకీ మధ్యనున్న ఈ దూరం గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

సెంటరు మంచిదే కదా, ఎంతోమందిని మాన్పించింది కదా, కార్యవర్గంలో ఎవరుంటే మనకేం అని అడిగేవాళ్లున్నారు. అలా అడిగేవాళ్లలో స్త్రీలూ ఉన్నారు, వాళ్ల కష్టం తెలుసు గనక ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఎవర్ని చేర్చుకోవాలి, ఇంటికెళ్లి బలవంతంగా ఎత్తుకురావచ్చా లేదా, ఎన్ని రోజులుంచాలి, ఎప్పుడు పంపాలి, పంపేముందు ఎవరికి చెప్పాలి, ఆడవాళ్లకి మంచాలు వేయాలా వద్దా, రాత్రి డ్యూటీలో ఎవరుండాలి, ఏది జరిగితే 'నయమైంది' అని రాసుకోవాలి? ఇవన్నీ డాక్టరు చీటీ మీద తేలే విషయాలు కావు. కార్యవర్గం సమావేశంలో తేలేవి. అక్కడ ఎవరు కూర్చుంటే వాళ్ల కళ్లతోనే తేలతాయి.

ఈ ప్రశ్న అడిగే హక్కు తెలుగునాట ఆడవాళ్లకున్నంతగా మరెవరికీ లేదని నా అభిప్రాయం. 1980ల్లో 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సారాను పాకెట్లలో పోసి ఊరూరా చేర్చింది. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది, వాచకంలో సీతమ్మ కథ వచ్చింది, 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. తర్వాత సంగతి మీకు తెలుసు. వేలంపాటలు ఆగిపోయాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. వర్ధినేని రోశమ్మ 2016లో కన్నుమూసేనాటికి ఊరూరా బెల్టు షాపులున్నాయి.

నిషేధం పోయాక మద్యం సమస్య వీధిలోంచి వార్డులోకి మారింది. వీధిలో ఉన్నప్పుడు నాయకత్వం ఆడవాళ్లది. అప్పుడు సమస్య పేరు సారా, సారా వేలం, సర్కారు ఆదాయం. వార్డులోకొచ్చేసరికి సమస్య పేరు జబ్బు అయింది. జబ్బు ఆయనది, బాధ్యత ఆమెది, నిర్ణయం సంస్థది. కలెక్టరు జీపుకి అడ్డం నిలబడిన తరానికి కూతుళ్లూ కోడళ్లూ ఇప్పుడు సెంటరు గేటు దగ్గర బల్లమీద కూర్చుని 'సార్ ఎప్పుడు పిలుస్తారో' అని చూస్తున్నారు.

మద్యానికి బానిస కావడం జబ్బు కాదని నేననడం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల దుర్వినియోగంతో ముడిపడ్డ పరిస్థితుల్ని మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది. వైద్యం పొందడం హక్కు. ఆ వైద్యం ఎంత అరుదుగా దొరుకుతోందో కూడా చూడాలి. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో దాదాపు 5.7 కోట్లమందికి మద్యం విషయంలో సహాయం అవసరం. మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికొకరికి మాత్రమే ఏదో ఒక వైద్యం అందింది. ఆస్పత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు. సరుకు తక్కువైనప్పుడు అమ్మేవాడిదే రాజ్యం అన్నట్టు, సెంటర్లు తక్కువైనచోట సెంటరు పెద్దలదే మాట. పుస్తెలు తాకట్టు పెట్టి అడ్వాన్సు కట్టిన మనిషి 'మీ కార్యవర్గంలో ఆడవాళ్లెందరు?' అని అడుగుతుందా? ఆమె అడగలేదు గనకే మనం అడగాలి.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ సంస్థల్లో నాయకత్వానికి అన్నిటికన్నా పెద్ద అర్హత అనుభవం. చదువు కాదు, డబ్బు కూడా కాదు. 'నేను తాగాను, పడ్డాను, లేచాను' అని చెప్పగలగడం. దీనికొక చరిత్ర ఉంది. 1935లో అమెరికాలోని అక్రన్‌లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు, బాబ్ స్మిత్ అనే డాక్టరు కలిసి 'ఆల్కహాలిక్స్ అనానిమస్' మొదలుపెట్టారు. తాగుబోతు బాధ మరో తాగుబోతుకే అర్థమవుతుందన్నది దాని మూలసూత్రం. నీతులు చెప్పే పెద్దమనుషుల చేతిలోంచి ఈ సమస్యను తప్పించిన ఆలోచన అది, దాని విలువను నేను తక్కువ చేయను. పైగా నాయకులంటే నమ్మకస్తులైన సేవకులే తప్ప పాలకులు కారని ఆ సంస్థ తన నియమాల్లోనే రాసుకుంది. మన సెంటర్లు మొదటి సూత్రాన్ని గోడలకెక్కించి రెండోదాన్ని బీరువాలో పెట్టాయి.

మొదటి సూత్రం మాత్రం పుట్టుకతోనే సగం మనుషుల్ని మరిచింది. 1939లో వాళ్లు వేసిన పెద్ద పుస్తకంలో భార్యల కోసం ఒక అధ్యాయం ఉంది. భార్యల గొంతుతో, 'మేము' అంటూ సాగుతుంది. రాసింది బిల్ విల్సన్. ఆయన తాగి పడిపోయిన రోజుల్లో డిపార్ట్‌మెంట్ స్టోరులో ఉద్యోగం చేసి ఇల్లు నడిపిన భార్య లోయిస్ ఆ అధ్యాయం తాను రాస్తానంది. ఆయన ఒప్పుకోలేదు. భార్యల అనుభవాన్ని కూడా భర్తే రాశాడు! లోయిస్ 1951లో మరో స్త్రీతో కలిసి కుటుంబ సభ్యుల కోసం 'అల్-అనాన్' పెట్టుకోవలసి వచ్చింది. తాగుడు మానిన తొలి స్త్రీలలో ఒకరైన మార్టీ మాన్ 1944లో మద్యవ్యసనం గురించి ప్రజలకు తెలియజెప్పే జాతీయ సంఘం పెట్టింది. స్త్రీలకు ఈ పద్ధతి సరిపోవడం లేదని 1975లో జీన్ కర్క్‌పాట్రిక్ స్త్రీల కోసం వేరే సంస్థే స్థాపించింది. అంటే అడిగిన ఆడవాళ్లు మొదట్నుంచీ ఉన్నారు. వాళ్లు పక్కన వేరే ఇల్లు కట్టుకోవలసి వచ్చింది.

1980ల్లో మరో మాట పుట్టింది. తాగేవాడి భార్యకూ ఒక జబ్బుంది, అతని వ్యసనం మీద ఈమె ఆధారపడుతుంది, తెలిసో తెలియకో అతను తాగడానికి వీలు కల్పిస్తుంది అని. ఇంగ్లీషులో 'కోడిపెండెన్సీ' అనే ఆ మాట విమానమెక్కి వచ్చి మన కౌన్సెలింగ్ గదుల్లో కుదురుగా కూర్చుంది. పాశ్చాత్య స్త్రీవాదులు అప్పట్లోనే దీన్ని ఎండగట్టారు. అణిగిమణిగి ఉండటం, తనకన్నా ముందు ఎదుటివాళ్లని చూసుకోవడం సమాజమే ఆడదానికి నేర్పి, నేర్చుకున్నాక దాన్ని రోగమనడమేమిటని అడిగారు. మన దగ్గర ఆ విమర్శ దిగుమతి కాలేదు. మాట ఒక్కటే దిగింది.

దీని ఫలితం చూడండి. ఒక ఇంట్లో పదిహేనేళ్లు తాగుడు నడిచింది. ఆ పదిహేనేళ్లూ ఆయన తాగాడు. ఆమె మేస్త్రీ దగ్గరికెళ్లి 'జ్వరమొచ్చింది, రేపొస్తాడు' అని అబద్ధం చెప్పి కూలి పోకుండా కాపాడింది, బియ్యం డబ్బాలో డబ్బు దాచింది, కాలవగట్టున పడ్డవాణ్ణి మోసుకొచ్చింది, చీటీ పాడి అప్పు తీర్చింది, పిల్లల ఫీజు కట్టింది, దెబ్బలు తింది. పదిహేనేళ్ల తర్వాత ఆయన మానేశాడు. ఏడాదికి సెంటరులో వలంటీరు, రెండేళ్లకు కౌన్సిలరు, అయిదేళ్లకు కార్యవర్గ సభ్యుడు. ఆ పదిహేనేళ్లు ఆయనకు అనుభవమయ్యాయి. అవే పదిహేనేళ్లు ఆమె కేసు షీటులో లక్షణాలుగా రాసి ఉన్నాయి. అబద్ధాలు చెప్పేది, డబ్బు దాచేది, అనుమానించేది, సాధించేది. ఆయన గతం ఆయన్ను వేదిక ఎక్కించింది. ఆమె గతం ఆమెను 'భార్యల గ్రూపు'లో కూర్చోబెట్టింది. సంక్షోభంలో ఇంటిని, డబ్బుని, పిల్లల్ని, బంధువుల్ని, పోలీసుల్ని, అప్పులవాళ్లని ఒకేసారి సంభాళించిన మనిషికి ఒక సంస్థను నడిపే అర్హత లేదట! ఏ మేనేజ్‌మెంటు కోర్సులో నేర్పుతారండీ ఇంతకన్నా?

స్త్రీల పేర్లు అసలే లేవా అంటే, ఉన్నాయి. అధ్యక్షుడి భార్య కోశాధికారి, వ్యవస్థాపకుడి వదినగారు ఉపాధ్యక్షురాలు, కోడలు సభ్యురాలు. పరిశోధన కోసం మినిట్స్ పుస్తకాలు తిరగేసినప్పుడు నాకు తరచూ కనిపించిన దృశ్యం ఒకటుంది. అన్ని సమావేశాల్లోనూ ఆమె సంతకం ఉంటుంది, ఒక్క సమావేశంలోనూ ఆమె మాట ఉండదు. 'సభ్యులు చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించారు' అంటే సంతకాలకు పుస్తకం ఇంటికి పంపారని అర్థం. సర్పంచి భార్యయితే భర్త పాలించడాన్ని మనం ఊళ్లలో చూసి నవ్వుకున్నాం, రాశాం, పోట్లాడాం. స్వచ్ఛంద సంస్థల దగ్గరికొచ్చేసరికి ఎందుకో మనకి మొహమాటం అడ్డొస్తుంది. వాళ్లు మంచిపని చేస్తున్నారు కదా, మన సభలకు హాలు ఇస్తారు కదా అని.

నిజంగా స్త్రీలు నడిపిన సంస్థలు లేకపోలేదు. మద్రాసులో శాంతి రంగనాథన్ భర్త 1979లో తాగుడు వల్లే చనిపోయాడు. మరుసటి ఏడు, 1980లో, ఆమె ఆయన పేరిట టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టింది. వ్యసన చికిత్సలో దేశంలోనే ముందు నిలిచిన సంస్థల్లో అదొకటి. 1992లో, దూబగుంట ఆడవాళ్లు దుకాణం మూయించిన ఏడాదే, ఆమెకు పద్మశ్రీ వచ్చింది. పూణేలో 1986లో 'ముక్తాంగణ్' మొదలుపెట్టినవారు అనిత అవచట్ అనే మానసిక వైద్యురాలు, ఆమె భర్త, రచయిత అనిల్ అవచట్. ఆమె 1997లో మరణించాక కూతురు ముక్త ఆ బాధ్యత తీసుకుంది. భార్యల కోసం అక్కడ నడిచే బృందానికి 'సహచరి' అని పేరు. ఇలాంటి చోట్ల కుటుంబం కూడా వైద్యంలో భాగమన్న ఆలోచన ముందునుంచే ఉండటం కాకతాళీయం కాదని నా నమ్మకం. ఇంట్లో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు నిర్ణయించే చోట ఉన్నారు మరి.

కానీ ఈ ఉదాహరణలు చూపి 'చూశారా, ఆడవాళ్లకి దారి తెరిచే ఉంది' అంటే ఒప్పుకోను. ఒకరు పేరుమోసిన పారిశ్రామిక కుటుంబం కోడలు, మరొకరు డాక్టరు. వాళ్ల కృషి వాళ్లదే, దాన్ని తగ్గించడం లేదు. మరి బీడీలు చుట్టే ఆమె, పాచిపని చేసే ఆమె, మిర్చి కోతకు పోయే ఆమె? తాగుడు వల్ల భర్తలు పోయిన ఆడవాళ్లు మన ప్రతి వాడలోనూ ఉన్నారు. ఆ చావు నుంచి సంస్థ పుట్టించడానికి వాళ్లకి భవనం లేదు. ఉన్న సంస్థలో ఒక కుర్చీ అడిగితేనేమో అర్హత లేదంటున్నారు.

ఒక్క మనిషి అనుభవం మీద సంస్థను నిలబెడితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 1958లో కాలిఫోర్నియాలో చార్లెస్ డెడెరిక్ అనే మాజీ తాగుబోతు 'సినానన్' పెట్టాడు. మత్తుకు బానిసలైనవాళ్లను మార్చేస్తోందని పత్రికలు పొగిడాయి, పెద్దపెద్దవాళ్లు విరాళాలిచ్చారు. ఆయన మాటకు ఎదురులేదు. 1977కల్లా అక్కడి మగవాళ్లకు బలవంతంగా వేసెక్టమీలు చేయించారు, గర్భవతులచేత గర్భస్రావాలు చేయించుకోమని ఒత్తిడి తెచ్చారు. వాళ్లమీద కేసు గెలిచిన లాయరు పోస్టుబాక్సులో 1978లో తాచుపాములాంటి విషసర్పాన్ని పెట్టారు! 1991లో ఆ సంస్థ మూతపడింది. మన సెంటర్ల పెద్దలంతా ఇలాంటివాళ్లని నేనంటే అది అన్యాయం. కానీ లోపలున్నవాళ్లు అందరూ 'గురువుగారు', 'నాన్నగారు' అని పిలిచే చోట, నాన్నగారు కొట్టినా మన మంచికే అనుకునే చోట, అడిగే గొంతు ఒక్కటైనా లోపల ఉండాలి. సెంటర్లలో కొట్టడం, కట్టేయడం, చివరికి చావులు కూడా అడపాదడపా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. 2017 చట్టం గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. ఈ సెంటర్లు మానసిక ఆరోగ్య సంస్థలుగా రిజిస్టరు కావాలంది. ఫిర్యాదుకు రివ్యూ బోర్డులు పెట్టమంది. గోడమీద ఆ చట్టం కాగితం అంటించిన సెంటరు మీ ఊళ్లో ఎన్నుందో చూసి రండి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఇంటికి పంపే రోజు. చేర్చే రోజున ఆమె కావాలి. ఆమె సంతకం కావాలి, ఆమె డబ్బు కావాలి, ఆయన ఎక్కడ దొరుకుతాడో ఆమె చెప్పాలి. పంపే రోజున ఆమె అక్కర్లేదు. బెడ్డు ఖాళీ కావాలి, మరొకరు బయట కాచుకుని ఉన్నారు. రాత్రి తొమ్మిదింటికి తలుపు చప్పుడైతే తీసి, ఎదురుగా ఆయన్ను చూసినప్పుడే పంపేశారని తెలిసిన ఆడవాళ్లు నాకు ఒకరిద్దరు కాదు. 'నువ్వే కదా నన్ను పట్టించావ్' అన్నది ఆయన లోపలున్నన్నాళ్లూ దాచుకున్న మాట. ఆ రాత్రికి ఆమె ఎక్కడికి పోవాలి? గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. రక్షణాధికారి ఫోన్ నంబరు ఇచ్చి పంపడానికి ఎంత ఖర్చవుతుంది? పంపే ముందు 'అమ్మా, ఇంటికొస్తే నీకు భయం లేదా?' అని అడగడానికి ఎంత సమయం పడుతుంది? ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ భయం తెలిసినవాళ్లెవరూ ఆ నియమాలు రాసిన గదిలో లేరు.

ఇక్కడ ఒక లెక్క చెప్పక తప్పదు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త తరచూ తాగి మత్తులో ఉండే స్త్రీలలో దాదాపు 70 శాతం మంది శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యామన్నారు. భర్త అసలు తాగని స్త్రీలలో ఆ సంఖ్య 23 శాతం. మొదటి అంకె ప్రతి సెంటరు పాంప్లెట్లోనూ కనిపిస్తుంది. విరాళాలకు పనికొస్తుంది. రెండో అంకె కనిపించదు. చుక్క ముట్టని మగవాళ్ల ఇళ్లలో కూడా నలుగురైదుగురిలో ఒకామె దెబ్బలు తింటోందంటే, మందు మానడమూ కొట్టడం మానడమూ ఒకటి కాదు. కానీ సెంటర్ల రిజిస్టర్లలో 'ఆరు నెలలుగా మద్యానికి దూరం' అని గడి ఉంటుంది. 'ఆరు నెలలుగా ఇంట్లో చేయెత్తలేదు' అని గడి ఉండదు. మొదటి గడిలో టిక్కు పడితే ఆయన విజయగాథ. ఆ విజయగాథను వేదికమీద ఆయన చెబుతుంటే ఆమె చప్పట్లు కొట్టాలి. చెయ్యి ఇంకా నొప్పిగా ఉన్నా సరే. ఈ గడి కలపాలంటే డబ్బు అక్కర్లేదు, విదేశీ నిధులు అక్కర్లేదు, కార్యవర్గంలో తీర్మానం చాలు.

లోపల పనిచేసే ఆడవాళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను, అది వేరే వ్యాసానికి సరిపడేంత ఉంది. కౌన్సిలర్లలో, నర్సుల్లో చాలామంది స్త్రీలు. ఎమ్మెస్‌డబ్ల్యూ చదివి ప్రాజెక్టు జీతానికి చేరిన పిల్లలు. గ్రాంటు ఆలస్యమైతే ముందు ఆగేది వాళ్ల జీతమే. పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. స్వచ్ఛంద సంస్థలకూ ట్రస్టులకూ వర్తిస్తుంది. పదిమంది, ఆపైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, అధ్యక్షురాలు సీనియర్ ఉద్యోగిని కావాలి, సభ్యుల్లో కనీసం సగం స్త్రీలు కావాలి. ఆ చట్టం కింద ఫిర్యాదు చేయడానికి ఉద్యోగినే కానక్కర్లేదు. భర్తను చూడటానికి వచ్చిన భార్య కూడా చేయవచ్చు. ఈ సంగతి సెంటరుకొచ్చే ఎంతమందికి తెలుసు? సీనియర్ ఉద్యోగినే లేని సంస్థలో అధ్యక్షురాలు ఎక్కణ్ణుంచి వస్తుంది? అధికారం పైన పంచకుండా రక్షణ కింద పుట్టదు.

ఆడ రోగుల ప్రశ్న అడిగితే జవాబు తయారుగా ఉంటుంది. 'మేడమ్, ఆడవాళ్లు తాగరు కదా.' 2019 సర్వేలో మద్యం తాగే మగవాళ్లు 27.3 శాతమైతే స్త్రీలు 1.6 శాతమే, నిజమే. దేశ జనాభాకు లెక్కేస్తే ఆ 1.6 శాతమంటే 80 లక్షలకు తక్కువుండదు. తెలంగాణ సంగతి వేరు. అక్కడ కల్లు, సారా పనిలోనూ పండగలోనూ ఆడామగా కలిసి తాగే అలవాటు పాతదే, కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా ఆ తేడా కనిపిస్తుంది. ఇక నిద్రమాత్రలు, నొప్పి మాత్రల మీద బతికే మధ్యతరగతి స్త్రీలను లెక్కలోకి తీసుకునేవారేరీ? తాగే మగవాడు జబ్బుమనిషి, తాగే ఆడది చెడ్డమనిషి అన్న తీర్పు వీధిలోనే కాదు, కార్యవర్గంలోనూ ఉంది. అందుకే ముప్పై మంచాల సెంటరులో ఆమెకి ఒక్క మంచం కూడా ఉండదు. పిల్లల్ని ఎవరికి అప్పజెప్పి రావాలన్న ప్రశ్నకైతే ఎజెండాలో చోటే లేదు.

ఈ మాటలు సభల్లో అన్నప్పుడు నాకొచ్చే జవాబులు మూడు. అర్హత ఉన్న ఆడవాళ్లు దొరకడం లేదన్నది మొదటిది. సారా ఉద్యమం ముగిసీ ముగియకముందే నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు పొదుపులక్ష్మి సంఘాలు కట్టి లెక్కలు రాసుకున్నారు. ఇవాళ లక్షల సంఘాల్లో బ్యాంకు అప్పులు నడుపుతున్నది వాళ్లే. 1993లో అమల్లోకొచ్చిన రాజ్యాంగ సవరణతో పంచాయతీల్లో మూడోవంతు, తర్వాత మన రాష్ట్రంలో సగం స్థానాలు వాళ్లవి. ఊరిని నడిపే మనిషి ముప్పై మంచాలను నడపలేదా? బాధితుల కుటుంబాలు భావోద్వేగంతో ఉంటాయి, తటస్థంగా ఉండలేవన్నది రెండోది. మరి తాగి మానినాయన తటస్థుడా? ఆయన కన్నీళ్లు వేదికమీద స్ఫూర్తి, ఆమె కన్నీళ్లు సమావేశంలో ఆటంకం! మూడో జవాబు కాస్త గడుసుది. ఆడవాళ్లు పెత్తనంలోకొస్తే మారుతుందని నమ్మకమేమిటి, ఫలానా సంస్థలో డైరెక్టరమ్మ ఇంకా కఠినం కదా అంటారు. ఒప్పుకుంటాను. చీర కట్టుకున్నంత మాత్రాన ఎవరూ ప్రజాస్వామికవాదులు కారు. అందుకే నేను అడుగుతున్నది ఫోటోలో ఒక చీర కాదు. భార్యల బృందం తానే ఎన్నుకుని పంపే సభ్యులు ఇద్దరు, వైద్యం పొంది మానిన స్త్రీ ఒకరు, కౌన్సిలర్ల తరపున ఒకరు. ఒక్కరైతే సంతకానికి పనికొస్తుంది, నలుగురైతే మాట్లాడుతుంది.

షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీకి కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. లాభాల కోసం నడిచే కంపెనీకి ఉన్నపాటి నిబంధన ఆడవాళ్ల కన్నీళ్లు చూపి గ్రాంటు తెచ్చుకునే సొసైటీకి లేదు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ ఈ సెంటర్లకు గ్రాంటిచ్చేటప్పుడు ఎన్ని మంచాలు, ఎందరు నర్సులు, ఎందరు వార్డు బాయ్‌లు అని అడుగుతుంది. పెత్తనం ఎవరిదని కూడా అడగాలి. మహిళా సంఘాలుగా మనం ఆ శాఖకు రాసే అర్జీలో ఈ షరతు చేరాలి. దానికోసం ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు కూడా. సొసైటీలు తమ కార్యవర్గం జాబితాను ఏటా జిల్లా రిజిస్ట్రారుకు ఇవ్వాలి, రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే స్వచ్ఛంద సంస్థలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని 2019 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. గ్రాంటు ఎంత, అది దేనికి ఖర్చయింది, అంతర్గత కమిటీలో ఎవరున్నారు, గత ఏడాది ఎందరు ఆడవాళ్లను చేర్చుకున్నారు, ఎవర్నైనా పంపేముందు ఇంట్లోవాళ్లకు రాతపూర్వకంగా తెలియజేస్తున్నారా? ఈ అయిదు ప్రశ్నలకు పది రూపాయల ఫీజు చాలు. మీ జిల్లాలో ఏ సెంటరుందో చూసి, ఈ నెలలోనే అర్జీ పెట్టండి. జవాబు వచ్చినా, రాకపోయినా, మాకు రాయండి.